ఎత్తుకు ఎన్ని మార్కులు?

మగ్సీ బోగ్స్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. మనూట్ బోల్ ఎత్తు 7 అడుగుల 7 అంగుళాలు. 1987-88 సీజన్‌లో ఈ ఇద్దరూ ఒకే జట్టుకు, వాషింగ్టన్ బుల్లెట్స్‌కు ఆడారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి తీసిన ఫొటోలు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటాయి. చూసినవాళ్లు నవ్వుకుని ఊరుకుంటారు. కంప్యూటర్‌లో బాస్కెట్‌బాల్ ఆట తయారుచేసేవాడికి మాత్రం నవ్వే వీలు లేదు. అతను ఆ ఇద్దరికీ మార్కులు వెయ్యాలి.

వెయ్యడానికి కావలసినన్ని ఆధారాలున్నాయి. బోగ్స్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు, 6,700కు పైగా అసిస్టులు ఇచ్చాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడన్న సామెతకు సాక్ష్యంలా, 1993 ఏప్రిల్‌లో ఏడడుగుల ప్యాట్రిక్ యూయింగ్ షాట్‌ను బ్లాక్ చేశాడు. బోల్ సంగతి ఇంకా విచిత్రం. లీగ్‌లోకి వచ్చిన మొదటి ఏడాదే 397 షాట్లు ఆపాడు. మొత్తం కెరీర్‌లో అతను వేసిన పాయింట్లు 1,599, చేసిన బ్లాకులు 2,086. తాను వేసినవాటికన్నా ఎదుటివాళ్లవి చెడగొట్టినవే ఎక్కువ! ఒకడు ఎత్తు లేకుండా బతికాడు, ఒకడు ఎత్తుతోనే బతికాడు. మరి వందకు ఎంతెంత వెయ్యాలి?

బాస్కెట్‌బాల్ సిమ్యులేషన్ ఆటలు రకరకాలు. కొన్నింట్లో చేతిలో రిమోట్ లాంటి కంట్రోలర్ పట్టుకుని ఆటగాణ్ని మనమే పరుగెత్తించాలి. కొన్నింట్లో పరుగులేమీ ఉండవు. జట్టు యజమానిలా కుర్చీలో కూర్చుని ఆటగాళ్లను కొనడం, అమ్మడం, జీతాలు లెక్కేసుకోవడం, మిగతాది కంప్యూటర్ చేతిలో పెట్టి స్కోరు కోసం ఎదురుచూడటమే పని. రెండో రకంలో బాగా పేరున్నది 'బాస్కెట్‌బాల్ జీఎం'. జెరెమీ షెఫ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ సృష్టి అది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది. దాని కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. అందులో ఆటగాడికి ముఖం ఉంటుంది, పేరు ఉంటుంది గానీ నిజానికి అతను పదిహేను అంకెల వరస. ఎత్తు, బలం, వేగం, గెంతు, దమ్ము అనే అయిదూ శరీరానివి. ఇన్‌సైడ్ షాట్, డంక్, ఫ్రీ త్రో, మిడ్ రేంజ్, త్రీ పాయింటర్, ఎటాక్‌లో తెలివి, డిఫెన్స్‌లో తెలివి, డ్రిబ్లింగ్, పాసింగ్, రీబౌండింగ్ అనే పదీ విద్యలు.

ఈ పదిహేనింటిలో పద్నాలుగు పెరుగుతాయి, తరుగుతాయి. ముప్ఫై దాటితే కాళ్లలో చురుకు పోతుంది, అనుభవంతో తెలివి పెరుగుతుంది, వేసవి శిక్షణలో త్రీ పాయింటర్ మెరుగుపడుతుంది. ఎత్తు ఒక్కటే ఉన్నచోట ఉంటుంది. కుర్రతనంలో ఎప్పుడో లక్కీ డిప్ తగిలినట్టు ఒక పాయింటు పెరిగితే పెరగవచ్చు, అంతే.

అసలు ఎత్తుకు మార్కు వెయ్యడమే ఒక విడ్డూరం. పాసింగ్‌కు ఎనభై ఇచ్చారంటే ఆ కుర్రాడు ఎన్నో సాయంత్రాలు బంతితో గడిపాడని అర్థం. ఎత్తుకు ఎనభై ఇస్తే దానికి అతను చేసిందేమీ లేదు, తల్లిదండ్రులు ఇచ్చారు. అయినా ఆ ఆటలో ఓవరాల్ రేటింగును లెక్కగట్టే సూత్రంలో బాగా బరువున్న అంశాలు రెండు: వేగం, ఎత్తు. ఎత్తు స్కేలు దాదాపు 5 అడుగుల 6 అంగుళాల దగ్గర సున్నాతో మొదలై 7 అడుగుల 9 అంగుళాల దగ్గర వందతో ముగుస్తుంది. మధ్యలో ఉన్నవి 27 అంగుళాలు కాబట్టి ఒక్కో అంగుళానికి నాలుగు మార్కులకు కొంచెం తక్కువ పడుతుంది. బోల్‌కు తొంభై పైచిలుకు వస్తాయి. బోగ్స్ సున్నాకు కూడా మూడంగుళాలు కిందే ఉండిపోతాడు!

ఇక్కడ షెఫ్ పెట్టిన చిన్న తెలివి ఒకటి చెప్పుకోవాలి. ఆ ఎత్తు మార్కు తలకాయ దాకా కొలిచింది మాత్రమే కాదు, చేతుల పొడవును కూడా కలుపుకుంది. కాగితం మీద ఒకే ఎత్తున్న ఇద్దరికి ఆటలో వేర్వేరు మార్కులు పడటానికి కారణం అదే. న్యాయమైన పద్ధతి. బంతిని తలతో ఎవరూ ఆపరు కదా! ఫ్రాన్సు నుంచి వచ్చిన రూడీ గోబేర్‌ను 2013లో, లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ముందు, కొలిచినప్పుడు నేల మీద నిలబడి చెయ్యి పైకెత్తితే 9 అడుగుల 7 అంగుళాలు అందింది. రింగు ఉండేది 10 అడుగుల ఎత్తున. మడమ ఎత్తి మునివేళ్ల మీద నిలబడితే దాదాపు పని అయిపోయినట్టే. డ్రేమండ్ గ్రీన్‌ది 6 అడుగుల 6 అంగుళాల ఎత్తే గానీ చేతులు బార్లా చాపితే ఏడడుగులు దాటుతాయి. రింగు కింద ఆడే పొడుగు సెంటర్లను కాచే పని అతను అన్నేళ్లు చెయ్యగలిగాడంటే అందులో ఆ చేతుల వాటా చాలానే ఉంది.

కంట్రోలర్ పట్టుకుని ఆడే 'ఎన్‌బీఏ 2కే' ఆటల దారి వేరు. 1999లో సెగా డ్రీమ్‌కాస్ట్ మీద మొదలైన ఈ వరసలో మొదటి ఆట అట్ట మీద ఉన్నది అలెన్ ఐవర్సన్, ఆరడుగులవాడు. ఆ లీగ్‌లో ఆరడుగులంటే పొట్టివాళ్ల లెక్కే. ఇందులో మనకు నచ్చిన ఆటగాణ్ని మనమే తయారుచేసుకునే వీలుంది. ఎత్తు మీటను పైకి జరిపేకొద్దీ బ్లాకులు, రీబౌండ్లు, డంకుల పరిమితులు పెరుగుతాయి. ఆ వెంటే వేగం, డ్రిబ్లింగ్, దూరం షాట్ల పరిమితులు పడిపోతాయి. మీటను కిందికి దించితే ఇదంతా తిరగబడుతుంది. షెఫ్ ఆటలో ఎత్తు పిత్రార్జితం. ఉన్నవాడికి ఉంది, లేనివాడికి లేదు. 2కేలో అది మారకం సరుకు. అంగుళం కావాలంటే ఇంకేదో వదులుకోవాలి.

ఎందుకలా? ఆన్‌లైన్‌లో ఒకరిమీద ఒకరు ఆడేచోట ఈ పన్ను లేకపోతే అందరూ దూరం షాట్ల దిట్ట స్టెఫ్ కర్రీని ఏడడుగులకు సాగదీసి తయారుచేస్తారు. ఆట అక్కడితో సరి. సమానత్వం కోసం పెట్టిన నియమం ఇది, ప్రకృతిని చూసి రాసింది కాదు. ప్రకృతికి అలాంటి మొహమాటాలు లేవు. బోల్‌నే తీసుకోండి. 1988-89లో గోల్డెన్ స్టేట్ కోచ్ డాన్ నెల్సన్ అతన్ని త్రీ పాయింటర్లు వెయ్యమని వదిలేశాడు. అతను 91 వేసి 20 పడగొట్టాడు, ప్రేక్షకులకు పండగ. 1993 మార్చిలో ఫిలడెల్ఫియా తరఫున ఫీనిక్స్ మీద ఒక్క అర్ధభాగంలోనే ఆరు త్రీ పాయింటర్లు వేశాడు. 2కేలో ఆ ఎత్తుతో అలాంటి ఆటగాణ్ని చేసుకోవాలని కూర్చుంటే మీట ఒప్పుకోదు. విక్టర్ వెంబన్యామాదీ అదే కథ. 7 అడుగుల 4 అంగుళాల మనిషి, గార్డులా డ్రిబుల్ చేసుకుంటూ వచ్చి దూరం నుంచి షాట్ వేస్తాడు. నిజం ఆటగాళ్ల మార్కులను కంపెనీవాళ్లు చేత్తో వేస్తారు గనక, ఆ ఆటలోకి అతను నిక్షేపంగా వచ్చాడు. మనం తయారుచేసుకునేవాళ్లకే ఈ ఆంక్షలన్నీ.

మూడో దారి 'బజర్‌బీటర్' అనే ఆన్‌లైన్ మేనేజర్ ఆటది. అందులో ఎత్తు ముఖ్యంగా తేలేది శిక్షణ దగ్గర. పొడుగువాళ్లు రింగు కింద విద్యలు త్వరగా నేర్చుకుంటారు, పొట్టివాళ్లు బయటి విద్యలు త్వరగా పట్టుకుంటారు. ఎత్తు ఇక్కడ ఆస్తీ కాదు, బేరమూ కాదు, ఏ బళ్లో చేరితే చదువు తొందరగా వంటబడుతుందో చెప్పే సూచన. పొట్టివాణ్ని సెంటర్‌గా తయారుచెయ్యొచ్చు గానీ ఓపిక పట్టాలి. మూడింటిలో మనిషికి దగ్గరగా ఉన్నది ఇదేనేమో. 7 అడుగుల 4 అంగుళాల మార్క్ ఈటన్ బాస్కెట్‌బాల్ ఊసెత్తకుండా కాలిఫోర్నియాలో కార్లు బాగుచేసుకుంటుంటే, ఒక జూనియర్ కాలేజీ కోచ్ చూసి బతిమాలి తీసుకెళ్లాడు. కాలేజీ రోజుల్లో విల్ట్ చాంబర్లెన్ అతనికి చెప్పిన సలహా ప్రసిద్ధం: చిన్నవాళ్ల వెంట పరుగెత్తడం మానెయ్యి, రింగు దగ్గర కాపలా ఉండు. ఆ ఒక్క పాఠం తలకెక్కింది. 1984-85లో యూటా జాజ్ తరఫున ఈటన్ చేసిన 456 బ్లాకుల రికార్డును ఇప్పటిదాకా ఎవరూ చెరపలేదు. ఎత్తు ఎప్పుడూ ఉంది. దాన్ని ఎక్కడ నిలబెట్టాలో నేర్చుకోవడానికి కొన్నేళ్లు పట్టింది.

మార్కుల సంగతి అలా ఉంచి, అసలు ఆ ఎత్తు నిజమేనా అన్నది ఇంకో తగువు. షెఫ్ ఆటలో ఒక ముచ్చటైన ఏర్పాటుంది. డ్రాఫ్ట్‌కొచ్చే కుర్రాళ్ల మార్కులు మనకు కచ్చితంగా కనిపించవు. స్కౌట్ల అంచనాలు కదా, ప్రతి అంకెలోనూ కొంత పొరపాటు కలిపి చూపిస్తుంది. ఒక్క ఎత్తును మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తుంది. టేపు పెట్టి కొలిచేదాంట్లో పొరపాటేముంటుంది అని ఆటతర్కం. నిజం లీగ్‌లో దశాబ్దాల పాటు దీనికి సరిగ్గా తలకిందులుగా నడిచింది. పాయింట్లు, రీబౌండ్లు ఒక్కటి కూడా తప్పిపోకుండా లెక్కపెట్టారు. ఎత్తు దగ్గర మాత్రం ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పారు. బూట్లతో కొలిచినవి, కాలేజీ రోజుల్లో గొప్పకోసం కలిపినవి అన్నీ కలిసి జాబితాలకెక్కాయి. పెళ్లి ప్రకటనలో వరుడి ఎత్తు పక్కన అంగుళం, అరంగుళం ఎలా చేరుతుందో తెలిసిన పాఠకులకు ఇందులో కొత్తేమీ ఉండదు. ఆశ్చర్యపోవలసింది ఎత్తు తగ్గించి చెప్పినవాళ్లను చూసి.

కెవిన్ డ్యూరాంట్ ఏళ్ల తరబడి 6 అడుగుల 9 అంగుళాలుగానే జాబితాలో ఉన్నాడు. పక్కన నిలబడ్డ 6-10 వాళ్లు అతనికన్నా పొట్టిగా కనబడేవారు. అమ్మాయిలతో మాట్లాడేటప్పుడు తాను ఏడడుగులనీ, బాస్కెట్‌బాల్ లోకంలో మాత్రం 6-9 అనీ అతనే ఒకసారి చమత్కరించాడు. కెవిన్ గార్నెట్ 6-11 దగ్గరే ఆగిపోయాడు. ఏడడుగులని ఒప్పుకుంటే సెంటర్‌ను చేసి రింగు కిందికి తోసేస్తారని అతని బెంగ అని చెప్పుకునేవారు. చార్లెస్ బార్క్‌లీ అటువైపువాడు. జాబితాలో 6-6, తన నోటితో తాను ఒప్పుకున్నది దాదాపు 6-5. ఆ ఎత్తుతోనే 1986-87లో మ్యాచ్‌కు సగటున 14.6 రీబౌండ్లతో లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. చివరికి 2019-20 సీజన్ నుంచి బూట్లు విప్పి కొలిచిన ఎత్తులే ఇవ్వాలని ఎన్‌బీఏ పట్టుబట్టింది. కెవిన్ లవ్ 6-10 నుంచి 6-8కి దిగాడు. డ్యూరాంట్ బూట్లు విప్పాక ఒక అంగుళం పెరిగాడు! లీగ్ జాబితాలను నమ్ముకుని అంకెలు వేసుకునే ఆటలు ఇన్నాళ్లూ ఏ ఎత్తులకు మార్కులు వేస్తూ వచ్చాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

డ్యూరాంట్, గార్నెట్ ఎందుకు దాచుకున్నారో చూస్తే అసలు గుట్టు తెలుస్తుంది. వాళ్లు భయపడింది ఎత్తుకు కాదు, ఎత్తు వెంట వచ్చే పేరుకు. పాయింట్ గార్డ్, షూటింగ్ గార్డ్, స్మాల్ ఫార్వర్డ్, పవర్ ఫార్వర్డ్, సెంటర్ అనే ఈ అయిదు పేర్లలో ఏ కుర్రాడికి ఏది తగిలించాలో బడి రోజుల్లోనే, వరసలో ఎక్కడ నిలబడ్డాడో చూసి తేల్చేస్తారు. పొడుగ్గా ఉన్నవాడికి డ్రిబ్లింగ్ నేర్పరు, పొట్టివాడికి రీబౌండ్ నేర్పరు. పదేళ్లు పోయాక, చూశారా పొడుగువాళ్లకు డ్రిబ్లింగ్ రాదు అంటారు. ఇందులో శరీరం తప్పెంతో, నేర్పనివాళ్ల తప్పెంతో విడదీసి చెప్పడం కష్టం. సెర్బియా నుంచి వచ్చిన నికోలా యోకిచ్ సెంటర్ ఎత్తుతో గార్డులా పాసులిచ్చి మూడుసార్లు లీగ్ మేటి ఆటగాడు (ఎంవీపీ) అయ్యాడు. 2014 డ్రాఫ్ట్‌లో అతన్ని 41వ పిలుపు దాకా ఎవరూ ముట్టుకోలేదు. అతని పేరు పిలిచిన సమయంలో టీవీలో ప్రకటన నడుస్తోంది.

షెఫ్ ఆట ఈ పేర్ల విషయంలో చాలా తెలివిగా నడుచుకుంటుంది. పొజిషన్ అన్నది అక్కడ ఆటగాడితో పుట్టదు. ఎత్తు, వేగం, పాసింగ్, డ్రిబ్లింగ్ లాంటి మార్కులను చూసి కంప్యూటర్ తర్వాత అతికిస్తుంది. ఎటూ తేలనివాడికి సగం గార్డు సగం ఫార్వర్డ్ అన్నట్టు 'జీఎఫ్' అని రాసి వదిలేస్తుంది. బుట్టలో బంతి పడిందా, రీబౌండ్ ఎవరిది అని లెక్కేసే భాగం ఆ పేరు వంక కన్నెత్తి చూడదు. సరే, ఎవరూ చూడనిదానికి అంటించడం ఎందుకంటే, చూసేవాడు ఒకడున్నాడు. ఎవణ్ని దించాలి, ఎవణ్ని ఎక్కించాలి అని నిర్ణయించే భాగం, అంటే ఆ ప్రోగ్రాములోని కోచ్! అందరూ గార్డులే అయిపోకుండా, అందరూ పొడుగువాళ్లే కాకుండా అతను ఆ పేర్లు చూసి సర్దుతాడు. రాసినవాడికి నవ్వు వచ్చిందో లేదో గానీ, నిజం జీవితం మీద ఇంతకన్నా మంచి వ్యంగ్యం ఇంకోటి దొరకదు.

ఎందుకంటే ఆ పేర్లు చూసి జనం చేసిన నిర్ణయాలు చరిత్రలో కావలసినన్ని. 1984 డ్రాఫ్ట్‌లో పోర్ట్‌లండ్‌ది రెండో అవకాశం. షూటింగ్ గార్డ్‌గా క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు, మాకు కావలసింది సెంటర్ అని 7 అడుగుల 1 అంగుళం శామ్ బోయీని తీసుకున్నారు. మూడో అవకాశం వచ్చిన షికాగో మైకేల్ జోర్డన్‌ను తీసుకుంది. 2009లో మెంఫిస్ రెండో అవకాశాన్ని 7 అడుగుల 3 అంగుళాల హషీమ్ తబీట్ మీద పెట్టింది. ఆ వెనకే జేమ్స్ హార్డెన్, ఇంకొంచెం కింద స్టెఫ్ కర్రీ ఉన్నారు. ఎత్తును దగ్గరపెట్టుకుంటే విద్య తర్వాత నేర్పుకోవచ్చన్న ఆశ ఎంత బలమైనదో, 2015లో మనవాళ్లకూ కొంచెం తెలిసింది. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరి నుంచి వెళ్లిన ఏడడుగుల సత్నాం సింగ్‌ను డల్లాస్ 52వ పిలుపులో తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే, అయినా లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో, కెనడాలో పుట్టిన పంజాబీ బిడ్డ 7 అడుగుల 5 అంగుళాల సిమ్ భుల్లర్ శాక్రమెంటో తరఫున దిగాడు. మూడు మ్యాచ్‌లు, రెండు పాయింట్లు. తలుపు తీయించేవరకే ఎత్తు పని. లోపలికెళ్లాక మిగతా పద్నాలుగు అంకెలనూ అడుగుతారు.

పేర్ల మీద తిరుగుబాటు కూడా పాతదే. 1980 మే 16న ఫైనల్ ఆరో మ్యాచ్‌లో గాయపడిన కరీమ్ అబ్దుల్ జబ్బార్ స్థానంలో, ఇరవయ్యేళ్ల పాయింట్ గార్డ్ మేజిక్ జాన్సన్ సెంటర్‌గా మొదలుపెట్టి 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులతో లేకర్స్‌కు కప్పు తెచ్చాడు. 2012లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థి ముత్తు అళగప్పన్ ఆటగాళ్ల గణాంకాలను కంప్యూటర్‌తో గుంపులు కట్టించి, ఉన్నవి అయిదు పొజిషన్లు కావు, పదమూడని తేల్చాడు. అవార్డుల కాగితాల దగ్గర మాత్రం గార్డ్, ఫార్వర్డ్, సెంటర్ అనే గదులు అలాగే ఉండిపోయాయి. 2021, 2022 రెండేళ్లూ ఎంవీపీ ఓటింగులో రెండో స్థానంలో నిలిచిన జోయెల్ ఎంబీడ్‌ను లీగ్ మేటి అయిదుగురి జట్టులోకి తీసుకోలేదు. సెంటర్ కుర్చీ ఒక్కటే, అది యోకిచ్‌కు పోయింది. లీగ్‌లో రెండో మొనగాడు రెండో జట్టులో! 2023-24 నుంచి ఆ జట్లకు పొజిషన్లు తీసేశారు.

ఇక ఎత్తునే తీసేస్తే ఏమవుతుందని చూసినవాళ్లు హ్యూస్టన్ రాకెట్స్. 2020 ఫిబ్రవరిలో 6-10 సెంటర్ క్లింట్ కపేలాను అట్లాంటాకు పంపేసి, 6-5 పీజే టకర్‌ను సెంటర్ స్థానంలో నిలబెట్టారు. అయిదుగురూ దూరం నుంచి షాట్లు వేస్తారు, ఎదుటి పొడుగువాడు రింగు దగ్గర కాపలా వదిలి బయటికి రాక తప్పదు అన్నది పథకం. ఆ సెప్టెంబరులో ప్లేఆఫ్స్‌లో లేకర్స్ ఎదురైంది. లేకర్స్ దగ్గర జవేల్ మెక్‌గీ, డ్వైట్ హోవర్డ్ అని ఇద్దరు భారీ సెంటర్లున్నారు. ఎత్తు మార్కులను కూడితే చాలు, ఆట చూడకుండానే వాళ్లిద్దర్నీ దించమని ఏ కంప్యూటరైనా చెబుతుంది. లేకర్స్ కోచ్ ఫ్రాంక్ వోగెల్ మొదటి మ్యాచ్ ఓడాక వాళ్లను బెంచీ మీదికి జరుపుతూ వచ్చి తానూ పొట్టి జట్టునే దించాడు, సిరీస్ 4-1తో గెలిచాడు. తర్వాతి సిరీస్‌లో డెన్వర్ తరఫున యోకిచ్ వచ్చేసరికి హోవర్డ్ అవసరం పడింది. బెంచీ మీది నుంచి లేపి, నాలుగో మ్యాచ్ నుంచి మొదటి అయిదుగురిలో పెట్టారు. ఫైనల్‌లో మయామీ మీద కూడా మొదటి అయిదుగురిలో అతనే. అక్టోబర్ 11న ఆరో మ్యాచ్ నాటికి వోగెల్ మళ్లీ మనసు మార్చుకున్నాడు. హోవర్డ్‌ను కూర్చోబెట్టి, అతనికన్నా అయిదారు అంగుళాలు తక్కువ ఎత్తున్న గార్డ్ అలెక్స్ కరూసోతో ఆట మొదలుపెట్టాడు. లేకర్స్ 106-93తో గెలిచి కప్పు ఎత్తుకుంది.